పదిహేను ఆంపియర్ల సాక్ష్యం

ఊపిరినీ వెలుతురునూ ఉచితంగా ఇచ్చే దేవునికి స్తోత్రం. ఈసారి తలవంచుకుని ఆయనను స్తుతిస్తున్నాను.

ఈ వానాకాలంలో కామారెడ్డిలో మా ఇంట్లో గృహ ప్రార్థన పెట్టుకున్నాం. పాట ఎత్తుకున్న కాసేపటికే కరెంటు పోయింది. పక్కిళ్లలో ఉంది. బ్రేకర్ మీట పైకి నెట్టాను, మళ్లీ పడింది. సాతాను ఆటంకమని సంఘమంతా మోకరించింది. నేను బోర్డు మీద చెయ్యి ఉంచి, గట్టిగా ప్రార్థించి మీట ఎత్తాను. ఇక పడలేదు. ఆదివారం మందిరంలో లేచి నిలబడి అదే సాక్ష్యంగా చెప్పాను.

ఇంటికొచ్చాక మా ఆడబిడ్డ నవ్వింది. "సాతాను గాదు వదినె. చాయ్‌కి కరెంటు పొయ్యి పెట్టిన, పక్కన బకెట్ల హీటర్ ఏసిన. మీరు కండ్లు మూసుకున్నప్పుడు హీటర్ బంద్ చేసిన. ప్రార్థన చెడగొట్టిన అంటవని ఊకుంటే, నువ్వు సాక్ష్యమే చెప్పొస్తివి!"

పొయ్యి అడుగున రెండు వేల వాట్లు, హీటర్ మీద పదిహేను వందలు అని ఉంది. బడిలో నేర్చిన లెక్కే: వాట్లను ఇంటి కరెంటు వోల్టులతో, అంటే రెండు వందల ముప్పైతో, భాగించాలి. పొయ్యికి తొమ్మిదికి కాస్త తక్కువ, హీటర్‌కు ఆరున్నర. కలిపితే పదిహేను ఆంపియర్లు. హాలుకూ వంటగదికీ కలిపి ఉన్న మా బ్రేకర్ పదికే; అంతకు మించితే వైర్లు కాలకముందే పడిపోతుంది. ఇల్లు కాలకుండా కాపాడిన దాన్ని నేను సాతాను అన్నాను.

అందరి ముందు చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేక నోరు మూసుకున్నాను.

మరుసటి ఆదివారం, ఎల్లారెడ్డి నుంచి మందిరానికి వచ్చే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, మా ఇంట్ల గూడ హీటర్ పెడితే ఫ్యూజు పోతున్నది. నీ సాక్ష్యం ఇని, నీ తీరుగనే బోర్డు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్న. ఇగ పోకుండ ఫ్యూజుల తీగె మందంగ చుట్టిన. జర మాడు వాసన వస్తున్నది, అంతే."

తీగ మందమైతే ఫ్యూజు పోదు, వైరే కాలుతుంది. ఆమె వెంటే బస్సెక్కాను. వాళ్లింట్లో లైటుకు వేసిన సన్న వైరుకే హీటర్ ప్లగ్గు. పైతొడుగు కరిగి ఉంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, అవ్వకు జరిగింది చెప్పాను.

"అయితే నీ ప్రార్థనకు కరెంటు నిలబడలేదా?"

"లేదవ్వా. మా ఆడబిడ్డ హీటర్ తీసింది."

"మరి గిది మందిరంల చెప్పకపోతివేంది?"

వచ్చే ఆదివారం అక్కడే లేచి నిలబడి ఇదంతా చెప్పాలి. ఆ క్షణంలో నా నోరు దేవుణ్ణి అడ్డం పెట్టుకొని నా పరువు కాపాడుకోకుండా ఉండాలని, చదువుతున్న మీరూ నాతో ప్రార్థించండి.