పల్లంలో టీచరుగారి ఇల్లు

సోమవారం. సామాన్లు తోమడం, దుప్పట్లు ఉతకడం, బియ్యం ఏరడం అయ్యాయి. పప్పు పొయ్యి మీద ఉండగా కోనసీమ నుంచి టీచరుగారి తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అక్క పోయిందని చెప్పాడు. తెల్లవారకముందే కాలువగట్టుకు వెళ్లిందట, పాము కరిచిందట. ఆసుపత్రికి తీసుకువెళ్లే లోపే అంతా అయిపోయిందట.

ఇంట్లో మరుగుదొడ్డి కట్టించుకున్న మనిషి ఆవిడ. వాళ్ల పేటలో అదే మొదటిది. అయినా గట్టుకు ఎందుకు వెళ్లవలసి వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా వారు కాలువ లాకుల దగ్గర పనిచేసేటప్పుడు మాకు గట్టు మీదే ప్రభుత్వ క్వార్టరు ఉండేది. ఆ చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకు ఉన్న దొడ్డి మాదొక్కటే. ఊళ్లో మోతుబరుల ఆడవాళ్లు కూడా గట్టుకే వెళ్లేవారు. అయితే తూముకు ఇవతల మెరక వాళ్లది, అవతల పల్లం హరిజనపేట ఆడవాళ్లది. వానల్లో ఆ పల్లం మునిగిపోయేది. మెరక వైపు వస్తే మాటలు పడాలి. అందుకని పేట ఆడవాళ్లు చీకటి ఉండగానే వెళ్లి వచ్చేసేవారు.

టీచరుగారిది ఆ పేటే. ఊరి బడిలో చెప్పేవారు. బడిలోనూ దొడ్డి లేదు. "నీళ్లు తాగండర్రా, దాహం చంపుకోకండి" అని ఆడపిల్లలకు చెబుతూనే, తాను మాత్రం సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు ముట్టేవారు కాదట. మా అమ్మాయి చెప్పింది. దానికి లెక్కలు చెప్పడానికి వస్తే వసారాలోనే కూర్చునేవారు. జడలో కనకాంబరాలు, పక్కన ముడిచిన గొడుగు. సుద్దముక్క గోరంత అయినా పారేసేవారు కాదు.

ఒకరోజు కడుపునొప్పితో ఆవిడ ముఖం పాలిపోయి ఉంటే, నేనే తీసుకువెళ్లి మా దొడ్డి చూపించాను. ఆవిడ ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే మా అత్తగారు ఆ దారంతా పసుపునీళ్లు చల్లించారు. టీచరుగారు చూశారు. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు మాత్రం, "సార్‌ని అడిగి మీ దొడ్డి ప్లాను ఇప్పిస్తారా అక్కయ్యగారూ? మా ఇంట్లో కట్టుకుంటానండి" అన్నారు.

మా వారు సంతోషంగా గీసి ఇచ్చారు. మేస్త్రీ అంగుళం తేడా రాకుండా కట్టాడు. పేట ఆడవాళ్లంతా వచ్చి, తలుపు గడియ వేసి తీసి మురిసిపోయారట. వానలు పట్టాక గోతిలో నీరు ఊరి, అంతా పైకి తన్నింది. మా ఇల్లు గట్టు మీద, ఆవిడ ఇల్లు పల్లంలో. రోజూ కాలువ నీటిమట్టం కొలిచే మా వారికి ఆ సంగతి తట్టలేదు.

"సార్ గోదారిని మా ఇంటికే పంపించారండి" అని టీచరుగారు నవ్వారు. మా వారు తల ఎత్తలేకపోయారు. నేల మెరక చేసి మళ్లీ కట్టాలన్నారు. మట్టి ఏదీ? వేసవిలో కాలువ కట్టేసి తీసే పూడికమట్టిని ముందు ఊరివాళ్ల ఎడ్లబళ్లు తోలుకునేవి. మిగిలితేనే పేటకు. ఏటా మిగిలేది కాదు. ఈలోగా మాకు ధవళేశ్వరం బదిలీ అయింది. ఇక్కడ గొలుసు లాగితే నీళ్లొచ్చే దొడ్డి. ఎప్పుడు కలిసినా ఆవిడ "వచ్చే వేసవికి చూస్తానండి" అనేవారు. ఎండల్లో ఆ దొడ్డి వాడుకునేవారు, వానల్లో తలుపు మూసి గట్టుకు వెళ్లేవారు.

పెద్దకర్మకు మేమిద్దరం వెళ్లాం. టీచరుగారి పెరట్లో పేట ఆడవాళ్లు తట్టలతో మట్టి పోస్తున్నారు. ఎవరి వాకిట్లో వాళ్లు తవ్వి తెచ్చిన మట్టి. ఒక ముసలావిడ తట్ట దించి మా వారి దగ్గరకు వచ్చింది.

"ఎంతెత్తు పొయ్యాలండి బాబుగారూ? ఈసారన్నా సరిగ్గా చెప్పండి."

మా వారు గోడ మీద వాననీటి చార వెతికి, దానికి జానెడు పైన అరచెయ్యి ఆనించారు. బొగ్గు తెచ్చి గీత పెట్టేదాకా తియ్యవద్దంది ఆవిడ. ఈలోగా చినుకులు మొదలయ్యాయి. ఆయన చెయ్యి తీయలేదు. తడిసిన తట్టలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.