మాస్టారు రెండోసారి పిలిస్తే

మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. రేడియో మీద రావడానికి వీల్లేదు. నాకు తెలిసి శ్రీకాకుళంలో నాలాగా ఇంట్లో సెట్టు పెట్టుకుని రేడియో మీద మాట్లాడే మనిషి ఆయనొక్కరే.

బళ్లో సైన్సు చెప్పేవారు. ఈ హామ్ రేడియో పిచ్చి నాకు అంటించింది ఆయనే. నేను విజయనగరంలో స్థిరపడ్డాక మా పలకరింపులన్నీ గాలిలోనే, అదీ ఎక్కువగా కాంటెస్టుల్లో. తెలియనివాళ్లకు చెబుతాను. ఎంతమందిని పలకరించి వరస నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటే అన్ని పాయింట్లు. ఒకసారి మాట్లాడినవాళ్లతో అదే బ్యాండులో మళ్లీ మాట్లాడితే అది డూప్. దానికి సున్నా.

నాకు తొందరెక్కువ. ఓసారి ఆయన నా పక్కన కూర్చుని ఉండగా ఎవరో రెండోసారి పిలిచారు. మనది అయిపోయిందని చెప్పబోతుంటే మాస్టారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒరే, మల్లీ పిలిసేడంటే నీ నంబరు ఆయనకి సరిగా ఇనబడ్నేదేమో. వాదించీ బదులు నంబరిచ్చీరాదా?"

డూప్‌ని కంప్యూటరే కొట్టేస్తుంది, మనకు పోయేదేమీ లేదని కూడా చెప్పారు. అలా ఎవరినీ ఉత్త చేతులతో పంపరు ఆయన. సెట్టు ముందు కూర్చుంటే తన టీ మాత్రం చల్లారి పైన తొరక కట్టేదాకా ముట్టుకునేవారు కాదు.

ఈమధ్య కొన్నేళ్లుగా ఒకే కాంటెస్టులో ఆయనే నన్ను మళ్లీ మళ్లీ పిలిచేవారు. పొద్దున మాట్లాడతామా, భోజనాలయ్యాక మళ్లీ అదే గొంతు. మతిమరుపు వచ్చిందనుకునేవాణ్ణి. తెలిస్తే చిన్నబోతారని, ప్రతిసారీ మొదటిసారిలాగే నమస్కారం చెప్పి కొత్త నంబరిచ్చేవాణ్ణి.

కర్మకు వెళ్లినప్పుడు వాళ్లావిడకు ఈ మాట చెప్పాను. ఆమెకు బొత్తిగా చెవుడు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సొచ్చింది.

"మరుపేటి బాబూ? కడదాకా ఆయనకన్నీ గుర్తే" అందామె. "నాకా ఇనబడదు. రోజల్లా ఎవులితో మాటాడతారు? నిన్ను పిలిసీ ముందల సొక్కా ఏసుకునీవోరు."

అన్నం తిన్నారా అని ఒక్కసారైనా అడగలేదు నేను. ఎంచక్కా నంబరిచ్చి పంపేశాను.

మొన్నటి కాంటెస్టులో చాలామంది పలికారు. ఎవరూ రెండోసారి పిలవలేదు. పోటీ ముగిసి బ్యాండు ఖాళీ అయిపోయాక కూడా సెట్టు కట్టేయబుద్ధి కాలేదు. మాస్టారు వినబడే చోట డయల్ ఆపి, ఆ హోరు వింటూ కూర్చున్నాను. నేనూ చొక్కా తొడుక్కునే కూర్చున్నాను.