తాతయ్య అవతలి లంకకు వెళ్ళిన రోజు

నా చిన్నప్పుడు, యాభైల చివర ఒక వానాకాలంలో, రష్యా పెద్దాయన అమెరికా వెళ్తున్నాడన్న వార్త విని మా నాన్నగారికి అన్నం సయించలేదు. ఆయన ఏలూరులో బడిపంతులు. మనకు ఉక్కు ఫ్యాక్టరీ కట్టిపెడుతున్న దేశం, మన పొరుగువాడికి తుపాకులిచ్చే దేశంతో మంతనాలేమిటని ఆయన బాధ. హోటల్లో రేడియో చుట్టూ చేరినవాళ్ళదీ అదే దిగులు. వాళ్ళిద్దరూ ఒకటైతే మనకిక దిక్కెవరని పెద్దవాళ్ళు అనుకుంటుంటే, తొమ్మిదేళ్ళ నాకు మా వీధి మీదే బాంబులు పడతాయనిపించేది.

ఆ వారమే పురిటికి వెళ్ళిన అమ్మను చూడడానికి నాన్నగారూ నేనూ కొల్లేట్లో మా తాతయ్య ఉండే లంకకు వెళ్ళాం. అక్కడ ఇంకో దిగులు. అవతలి లంకవాళ్ళు చేపల కోసం కాలువకు అడ్డంగా వెదురు తడికలు కట్టారు. వాననీళ్ళు కిందికి పోయే దారిలేక మా లంకలోనూ, పక్క లంకలోనూ ఇళ్ళ గడపల దాకా వస్తున్నాయి. ఈ రెండు లంకలవాళ్ళూ ఏళ్ళ తరబడి ఒక్క మాట మీద ఉన్నారు. ఇప్పుడు అవతలి లంక పెద్ద, మా తాతయ్యను ఒక్కడినే మాటలకు రమ్మని కబురు పెట్టాడు.

తెల్లవారుతుండగా తాతయ్య నన్ను దోనె ఎక్కించుకున్నాడు. మంచులో నీళ్ళేవో ఆకాశమేదో తెలియలేదు. తామరాకులు దోనెకు రాసుకుంటూ మెత్తగా చప్పుడు చేశాయి. నేను సగం నిద్రలో ఉండగానే దోనె పక్క లంక రేవులో ఆగింది.

ఆ లంకలో అందరూ మాట వినే ముసలామె ఒకరుండేవారు. వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండానే అన్నారు.

"మీ మట్టుకు దారి చేసుకొచ్చేస్తారేమోనని మావోళ్ళు రాత్రి ముద్ద ముట్టలేదండి."

తాతయ్య ఒట్లు వెయ్యలేదు, కోపం తెచ్చుకోలేదు. అక్కడ ఏమేం అడగబోతున్నాడో ఒక్కొక్కటీ చెప్పాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వచ్చేటప్పుడు ముందు మీ రేవులోనే దిగుతానండి. అందాకా నా మనవరాలు మీ దగ్గరుంటుంది."

దోనె మంచులో కలిసిపోయింది.

ఆ పగలంతా నాకు కలలాగే గుర్తుంది. ముసలామె తన పక్కన కూర్చోబెట్టుకుని చేపల పులుసుతో అన్నం కలిపి పెట్టారు. ఆడవాళ్ళు బిందెలు ముంచుతూ కొల్లేటి వైపే చూసేవారు. ఎండ ఎక్కింది, మబ్బు పట్టింది, సన్నగా జల్లు పడింది. దూరాన నల్లటి చుక్క కనిపిస్తే అందరం లేచేవాళ్ళం. అది నీటికోడి అయ్యేది. మధ్యాహ్నానికి నాకూ భయం వేసింది. మా తాతయ్య అన్నీ ఒప్పేసుకుని వీళ్ళను ముంచేస్తాడేమోనని. నా సొంత తాతయ్య గురించే అలా అనుకున్నాను.

పొద్దు వాలాక దోనె వచ్చింది, చెప్పినట్టే ముందు ఆ రేవుకే. తడికలు తీస్తారట. బదులుగా దీపావళి దాకా లోతునీళ్ళవైపు మన రెండు లంకలవాళ్ళూ వల వెయ్యకూడదట.

"మీ తరఫున నేను మాటివ్వలేదండి. మీరు సరేనంటేనే రేపు చెప్పొస్తాను," అన్నాడు తాతయ్య.

ముసలామె వల పక్కన పెట్టి, సరేనన్నారు. మర్నాడు తాతయ్య మళ్ళీ వెళ్ళి చెప్పొచ్చాడు. మూడోనాటికి నీళ్ళు గడపలు వదిలాయి.

ఇదంతా విన్న నాన్నగారు, రష్యావాళ్ళు మన గడప తొక్కి ఏమీ చెప్పలేదు కదా అని నిట్టూర్చారు. తాతయ్య తువ్వాలుతో తల తుడుచుకుంటూ అన్నాడు.

"వాళ్ళ దోనె ఇంకా తిరిగి రాలేదు కదండీ అల్లుడుగారూ."

నాన్నగారు ఆ పూట కడుపునిండా తిన్నారు. బాంబులూ పడలేదు.

వెళ్ళినవాళ్ళకు పనుంటుంది, ఒడ్డున ఉన్నవాళ్ళకు భయమే ఉంటుంది. అప్పటినుంచి ఆ భయాన్ని నేనెవరిలోనూ తప్పుపట్టలేదు. పెద్దయ్యాక మా ఆడపడుచుతో పడని తోటికోడలి ఇంటికి రాజీ మాటలకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు, ముందు ఆడపడుచు ఇంట్లో కూర్చుని, ఏం మాట్లాడబోతున్నానో చెప్పి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ వీధరుగు మీదే ఉంది. చెప్పులైనా విప్పకుండా, అక్కడే నిలబడి అంతా చెప్పాను.