సీసా అంతే, గరాటు పెద్దది

మా బావకి ఏ వస్తువూ ఉన్నట్టు ఉంటే నచ్చదు. ప్లంబరు కదా, గొట్టం లావైతే నీళ్ళు బాగా వస్తాయన్నదే ఆయనకి వేదం. ఇంట్లో స్నానాల గదికి ఇంత లావు పంపు బిగించాడు. పైన ట్యాంకు మాత్రం పాతదే. తలకి సబ్బు రాసుకునేలోపు నీళ్ళు ఖాళీ. అదేంటి బావా అంటే, ధార చూశావా అంటాడు. ఆ మనిషికి ఏం చెప్పి చావాలి?

మా అక్క కారు నేర్పుతుంది. ఉన్నది ఒక్కటే కారు, అదీ పాతది. భయస్థులంతా వెతుక్కుంటూ ఆవిడ దగ్గరికే వస్తారు. నిండు గ్లాసు నీళ్ళు ముందు పెట్టి, చుక్క ఒలక్కుండా కారు కదిలించమంటుంది. నీళ్ళు ఒలకలేదంటే కాలు కుదిరినట్టే.

అలా అక్క దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన టైలరమ్మకి అది కుదరడానికి నెలలు పట్టింది. ఆమె భర్తకి చూపు మందగించింది. ఇంటి ముందు కారుంది, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే దిక్కు లేదు. రెండుసార్లు పరీక్ష తప్పి, ఇక నావల్ల కాదని ఆమె కూలబడితే, మిషను తొక్కే కాలమ్మా నీది, దానికి అన్నీ తెలుసని అక్కే బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టింది.

సరిగ్గా మూడో పరీక్షకి ముందే బావకి పెళ్ళాం మీద ప్రేమ పొంగుకొచ్చింది. పెడల్ నొక్కినప్పుడు ఇంజిన్‌కి గాలి వదిలే భాగం ఒకటుంటుంది, థ్రాటిల్ బాడీ అంటారు. దాన్ని పీకించి పెద్దది పెట్టించాడు. అక్కకి చెప్పలేదు. కానుకట, కానుక! కారుని షెడ్డు నుంచి నేరుగా పరీక్ష మైదానానికి తెచ్చి అప్పగించాడు.

టైలరమ్మ ఎప్పటిలాగే మెత్తగా కాలు ఆనించింది. కారు ఒక్క దూకు దూకి అడ్డుకర్రల మీద పడింది. అధికారి ఆమెని దింపేశాడు. ఆమె అక్కకి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఏం పెట్టించాడో బావ అప్పుడు గొప్పగా బయటపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం బావని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ముందు గ్లాసు పెట్టింది. కారు కదలగానే నీళ్ళన్నీ ఆయన ఒళ్ళోనే. అయినా, లాగుడు చూశావా అన్నాడు.

"సీసా అంతే ఉంటే గరాటు ఎంత పెద్దదైతే ఏంటండీ? ఇంజిన్ పీల్చేది అంతే. కాస్త నొక్కితే గాలి ఒక్కసారిగా దూరి ఎగురుతుంది, అంతకుమించి బలమేం రాలేదు," అంది అక్క.

ఇంజినంతా మార్చి పందేలకి తోలేవాళ్ళకి పనికొస్తుందేమో, కారు నేర్చుకునేవాళ్ళకి ఎందుకని కడిగేసింది. పాతది మళ్ళీ బిగించేదాకా అన్నం పెట్టలేదు. తప్పు తనదేనని టైలరమ్మతో చెప్పడానికి బావ ఒప్పుకున్నాడు.

ముగ్గురం వెళ్ళాం. ఆమె మిషను మీంచి తలెత్తలేదు. కారుదే తప్పని అక్క ఎంత చెప్పినా వినదే!

"మీరు మంచివారు, అందుకే కారు మీద పెడుతున్నారు. నా కాలికి మిషను తప్ప ఇంకేం రాదమ్మా."

అక్క బావ వైపు చూసింది. ఆయన వంగి మిషను కింద చూస్తున్నాడు.

"ఈ చక్రం తీసేసి ఇంకాస్త పెద్దది వేయిద్దామమ్మా. కుట్టు పరిగెడుతుంది."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. టైలరమ్మ కాలు ఆగింది. బావని ఎగాదిగా చూసింది.

"కారుకీ ఈయనేనా?"

అక్క తలూపింది. టైలరమ్మ చక్రానికి చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ పరీక్ష ఎప్పుడని అడిగింది.