అండమాన్ మీద పడిన వాన

రేడియోలో అండమాన్ దగ్గర అల్పపీడనం అని వినబడితే చాలు, ఆళ్లగడ్డలో మా వీధంతటికీ ప్రాణం లేచొచ్చేది. నల్లరేగడి చేలల్లో శనగ విత్తడానికి మాకు ఆ వానే దిక్కు. జన్మలో సముద్రం ముఖం చూడని మా నాయన కూడా ఆ మాట వినగానే విత్తనాలేసే గొర్రు బయటికి తీసి చూసుకునేవాడు. మా అమ్మ మాత్రం విసురుగా రేడియో కట్టేసేది.

మా అక్క ఉండేది పోర్ట్‌బ్లెయిర్‌లో. బావకు అక్కడ ఒక కంపెనీలో తాపీపని. పెళ్లయి ఓడెక్కిన అక్క మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు. బిడ్డ కూడా అక్కడే పుట్టింది. ఆ పాపను అమ్మ ఫోటోలో కూడా చూడలేదు. తొంభైల చివర్లో ఒక ఏడు, దీపావళికి ముందు, బావకు సెలవు దొరికింది, ఓడలో మద్రాసుకు వచ్చి అక్కడ నంద్యాల బస్సెక్కుతాం అని కబురొచ్చింది.

అమ్మ పాత చీరలన్నీ కలిపి పాపకు బొంత కుట్టింది. ఆ ఏడు చినుకు లేదు. ఒకే దేవుడి పటం ముందు నాయన వాన రావాలని, అమ్మ ఇప్పుడే రాకూడదని మొక్కేవాళ్లు. నాకు ఆ దేవుడి మీద జాలేసేది.

"వాళ్ల ఓడ ఒడ్డు చేరినాక పడితే ఆ వానకేం పోతాది?" అంది అమ్మ ఒకరోజు.

"అదును పోతాది. చేను బీడు పడితే, వచ్చిన బిడ్డకు ఏం పెడతావ్?" అన్నాడు నాయన.

అల్పపీడనం రానే వచ్చింది. ఎస్టీడీ బూత్ నడిపే సాయిబన్న ఫోనొచ్చిందని పిలిస్తే అమ్మా నేనూ పరుగెత్తాం.

"ఓడలు ఆపేసినార్మా. సముద్రం శానా పొంగుతాండాది. ఆయన సెలవు అయిపోతాంది. ఈసారికి రాలేం" అంది అక్క. మళ్లీ తనే, "ఈడ ఒకటే వాన. ఆడ పడిందా?" అనడిగింది.

"ఇంకా లేదు" అంది అమ్మ. ఫోన్లో పాప ఏడుపు సన్నగా వినబడింది. లైను తెగిపోయాక కూడా అమ్మ ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు. నాకు చేనూ వద్దు, శనగా వద్దు, అక్క వస్తే చాలనిపించింది.

కొన్నాళ్లకు వాన మా ఊరికొచ్చింది. వీధిలో అందరి ముఖాలూ కళకళలాడాయి. నాయన ఆకాశానికి దండం పెట్టబోయి, అమ్మను చూసి చేతులు దించేశాడు. అమ్మ వాకిట్లోకి పోయి, కొంగైనా కప్పుకోకుండా వానలో నిలబడింది.

"లోపలికి రా, జరమొస్తాది" అన్నాడు నాయన.

"ఉండప్పా. ఇది ఆ పాప ఇంటి మీద పడి వచ్చిన వాన" అంది అమ్మ.

నాయన గొడుగు పట్టుకొని ఆమె పక్కకు పోయాడు. దాన్ని విప్పలేదు.