ఒక్క మాట చెప్పడానికి టాటానగర్

ఉదయం ఆరున్నరకి పలాసలో బండెక్కాను. సంచిలో రెండు చీరలు, బైబిలు, అన్నయ్యకి జీడిపప్పు పొట్లం. వెళ్తున్నది మాత్రం అబద్ధం చెప్పడానికి. ఫోన్లో ఒప్పేసుకున్నాను కూడా.

మా అన్నయ్య సింహాచలం టాటానగర్ రైల్వేలో, అంటే జంషెడ్‌పూర్లో, ఫిట్టరు. మేమిద్దరం అక్కడి రైల్వే క్వార్టర్లలోనే పెరిగాం. పెళ్లయ్యాక నేను పలాస వచ్చి అత్తవారింట బాప్తిస్మం తీసుకున్నాను. అన్నయ్య ఆ ఊళ్లోనే భాలుబాసాలో ఇల్లు కట్టుకున్నాడు. మూడు వారాల కిందట అతని కూతురు పింకీ స్కూటరు మీద వస్తూ, అక్కడి సిద్ధగోరా పేటలో డ్యూటీ దిగి నడిచి వెళ్తున్న ఒక కాపలాదారుని గుద్దేసింది. ఆగకుండా వచ్చేసింది. ఆయన కాలు విరిగింది. ఎవరో బండి నంబరు రాసుకుని పోలీసులకిచ్చారు.

"పింకీ ఆ రోజు మీ ఇంటికాడే ఉందని చెప్పాల. ఒక్క మాట," అన్నాడు అన్నయ్య ఫోన్లో. "ఇప్పుడిప్పుడే ఉజ్జోగం వచ్చిన పిల్ల. కేసు పడితే దాని బతుకేటవుద్ది?"

పింకీ పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేనే. సరేనన్నాను.

బరంపురం దాటాక చిలకా సరస్సు కిటికీ పక్కనే చాలాసేపు సాగింది. చూసేవాళ్లు అవతలి వైపు నుంచి ఇవతలి సీట్లకి మారుతున్నారు. నేను కదల్లేదు. రైల్వే పోలీసు ఒకతను పెట్టెలోంచి ఊరికే నడిచి వెళ్లాడు, అంతకే నా చేతిలో ఇడ్లీ పొట్లం జారిపోయింది.

ఖరగ్‌పూర్ చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఈ దారిన వెళ్లేవాళ్లు బండి మారడానికి గంటన్నరైనా చేతిలో ఉంచుకోండి, ఆ ప్లాట్‌ఫారం చివరిదాకా నడవడమే ఒక పని. నాలుగుంబావుకి టాటానగర్ బండిలో కూర్చున్నాను. ఎదురు సీట్లో ఒక పెద్దాయన, తెలుగాయనే. జంషెడ్‌పూర్లోనే కద్మాలో ఉంటారట, ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నా ముఖం చూసి, "ఒంట్లో బాగోలేదామ్మా?" అని మంచినీళ్ల సీసా ఇచ్చారు.

ఊరూ పేరూ చెప్పకుండా, ఎవరి సంగతో అన్నట్టు ఆ స్కూటరు గుద్దిన కథంతా చెప్పి అడిగేశాను. "సొంతవాళ్లని కాపాడ్డానికి అబద్ధం చెప్తే తప్పాండీ?"

"తప్పొప్పులు ఎప్పుడూ ఒకేలా ఉండవమ్మా. పరిస్థితిని బట్టి చూడాలి. కుటుంబం కోసమంటే నేనైతే తప్పనను," అన్నారాయన.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే నాలోంచే ఇంకో ప్రశ్న వచ్చింది. "మరి దెబ్బ తగిలింది మీ తమ్ముడికైతేనండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అప్పుడు నాకు నిజమే కావాలి," అన్నారు. టాటానగర్లో దిగేటప్పుడు నా సంచి ఆయనే అందించారు.

ఏడుంబావుకి ఆటోలో భాలుబాసా చేరాను. వదిన లేదు, పోయి నాలుగేళ్లు. పింకీయే అన్నం వడ్డించింది. తను ముద్ద ముట్టలేదు.

"నువ్వు సండే స్కూల్లో పిల్లలకి ఆజ్ఞలు నేర్పుతావు గదా," అన్నాడు అన్నయ్య. "మీ దేవుడు క్షమిత్తాడంటావు. ఇదీ క్షమిత్తాడులే."

క్షమిస్తాడు, నాకా సందేహం లేదు. క్షమిస్తాడని ముందే చూసుకుని బయల్దేరాను చూడండి, నాకు భయమేసింది దానికే.

"బువా, హర్ కిసీకా సచ్ అలగ్ హోతా హై," అంది పింకీ గోడకేసి చూస్తూ. బువా అంటే మేనత్త, నేనే. ఎవరి నిజం వాళ్లదంట.

"ఆయన కాలు విరిగిందమ్మా. అది నీకొకలా, నాకొకలా విరగలేదు గదా," అన్నాను. అన్నాను గానీ, రేపు ఆ అబద్ధం చెప్పననే ధైర్యం మాత్రం నాకు రాలేదు.

మర్నాడు పదింటికి నేనూ అన్నయ్యా ఆటోలో పోలీసు స్టేషనుకి బయల్దేరాం. దారిలో అన్నయ్య గొంతు తగ్గించాడు. "బండి ఆ వారమంతా మహతో కాడ రిపేరులో ఉందని చెప్పేను. అడిగితే దానికీ తలూపు."

"మహతో ఎవరు?"

"మెకానిక్కు."

"అయితే గుద్దింది ఆయనేనని అనుకోరా?"

అన్నయ్య రోడ్డు వైపు తిరిగాడు. ఇంతసేపూ నా అబద్ధం గాల్లోకి పోతుందనుకున్నాను. అది ఒక మనిషి మీద పడుతోంది.

స్టేషను వరండాలో బెంచీ మీద మహతో కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, గోళ్లలో నల్లటి నూనె. అన్నయ్యని చూసి లేచాడు. "బాబూ, మీ బండి నా దగ్గరికి ఎప్పుడొచ్చింది?" అని హిందీలో మెల్లగా అడిగాడు. కోపం లేదు, నిజంగా తెలీక అడిగినట్టే ఉంది. అన్నయ్య అతన్ని దాటుకుని లోపలికి నడిచాడు.

అధికారి నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. "మీ మేనకోడలు ఆ సాయంత్రం మీ ఇంట్లో ఉందా?"

పక్కన అన్నయ్య ఊపిరి వినిపిస్తోంది. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి తీసుకెళ్లిన అన్నయ్య. ఈ ఒక్క మాటతో నాకు పుట్టిల్లు ఉండదు. అయినా వరండాలో ఉన్న మనిషి బతుకు నా నోట్లో ఉంది. దాన్ని ఎవరికీ ఇచ్చేసే హక్కు నాకు లేదు.

"లేదండీ," అన్నాను. "మా ఇంటికి రాలేదు."

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

తర్వాత అన్నీ త్వరత్వరగా జరిగిపోయాయి. మహతోని పంపేశారు. మధ్యాహ్నం పింకీని పిలిపించారు, అది ఒప్పుకుంది. స్కూటరు పట్టుకున్నారు, కేసు రాశారు, సాయంత్రానికి బెయిలు మీద వదిలారు. గేటు దగ్గర అన్నయ్య నా ముఖం చూడకుండా, "ఇంక నాకు చెల్లెల్లేదు," అని వెళ్లిపోయాడు.

టాటానగర్ స్టేషను ఎదురుగా లాడ్జిలో గది తీసుకుని, ఎక్కడున్నానో పింకీకి మెసేజ్ పెట్టాను. రాత్రి ఎనిమిదింటికి తలుపు చప్పుడైతే తీశాను. పింకీ, నా సంచి పట్టుకుని.

"కల్ హాస్పిటల్ జానా హై," అంది. "డర్ లగ్ రహా హై బువా. ఆప్ చలోగీ?" రేపు ఆసుపత్రికి వెళ్లాలట, భయమేస్తోందట, నన్ను తోడు రమ్మంటోంది.

పొద్దున్న తొమ్మిదికి వెళ్లాం. కాపలాదారు మంచం మీద నిద్రపోతున్నాడు, కాలికి కడ్డీలు. భార్య మంచం పక్కనే నేల మీద కూర్చుని ఉంది. పింకీ ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడి చెప్పేసింది. కొడుతుందని, అరుస్తుందని భయపడ్డాను. ఆమె ఒక్కటే అడిగింది. "ఆగలేదెందుకమ్మా?"

పింకీ ఆమె కాళ్లు పట్టుకుంది. లేచే ముందు ఆయన పేరేమిటని అడిగింది.

పన్నెండున్నరకి ఖరగ్‌పూర్ బండెక్కాను. పింకీ ప్లాట్‌ఫారం మీద నిలబడింది గానీ చెయ్యి ఊపలేదు. అన్నయ్యకి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ పిల్ల ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలీదు. జంషెడ్‌పూర్లో ఏం చూశావని అడిగితే ఒక వరండా, ఒక బెంచీ, ఒక ఆసుపత్రి మంచం తప్ప ఏమీ చెప్పలేను. భయం తగ్గిందని కూడా చెప్పలేను. కానీ వెళ్లేటప్పుడు దేవుడితో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. ఏమని అడగను, అబద్ధం బాగా అతకాలనా? ఘాట్‌శిలా దాటాక కళ్లు మూసుకున్నాను. పింకీ పేరు, అన్నయ్య పేరు, మహతో పేరు చెప్పుకున్నాను. తర్వాత ఆ కాపలాదారు పేరు. ఆయన పేరు శంభు. ఆ ఉదయం దాకా మాలో ఎవరమూ అడగలేదు.