లస్కర్ సూరి ఇంటిపేరు

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఒక పాత సమాధుల తోటకు ఆదాము ఇరవై రెండేళ్లుగా మాలీ. ఇంగ్లీషు చదవడం రాదు. అయినా అక్కడ సమాధిలో ఉన్న విట్‌కోమ్ దొర చరిత్ర నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పాస్టరు సత్యరాజుగారు రాతి మీది ప్రతి అక్షరం చదివి వినిపించారు మరి. పదహారేళ్లకే దొర కలకత్తాలో ఓడ దిగాడు. కుంపిణీ ఫిరంగి దళంలో చేరాడు. నెపోలియన్ చేతిలో ఉన్న జావా మీదికి వెళ్లి, బురదలో ఫిరంగులు నడిపించి కోట పడగొట్టాడు. కెప్టెన్ అయ్యాడు. ముప్పై మూడో ఏట జ్వరమొచ్చి ఇక్కడే పోయాడు.

నడిపించాడట! బురదలో ఫిరంగి దానంతటదే నడుస్తుందా? అక్కడికొచ్చేసరికి ఆదాముకు ఒళ్లు మండేది. రాతి అడుగున అరిగిన వరుసొకటి జవాబు చెప్పేది: ‘ఈ రాయి నిలిపినది చికాకోలు సూరి, లస్కర్.’ చికాకోలంటే శ్రీకాకుళం. లస్కరంటే ఫిరంగులు లాగే కూలీ. ఇంత నగరంలో మన తెలుగువాడి పేరు రాతికెక్కింది ఇదొక్కచోటేనని ఆదాము నమ్మకం.

1998లో సమాధులు బాగుచేస్తామని ఒక కమిటీ దిగింది. ఆ వరుస మీద సిమెంటు మెత్తి, పైన ఇత్తడి పలక బిగించింది. అందులో ఏముందో పాస్టరుగారే చదివారు: ‘దొరగారి మిత్రుడు, బెంగాలీ జమీందారు సూర్య లస్కర్ కట్టించిన సమాధి.’ బెంగాలీల్లో లస్కర్ అని ఇంటిపేరుంది. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, కమిటీ సెక్రటరీ బాబుకు అదే తట్టింది.

ఆదాము వెళ్లి తప్పని చెప్పాడు. బాబు నవ్వాడు. “నీకు ఇంగ్లీషు వచ్చా దాదా? పోయి గడ్డి కోసుకో.” రెండోసారి వెళ్తే పని ఊడుతుందన్నాడు.

ఇంట్లో భార్య దయమ్మ మొత్తుకుంది. “ఏటయ్యా, ఎప్పుడో సచ్చినోడి పేరు కోసం బతుకుతెరువు పోగొట్టుకుంతావా?”

“కూలోణ్ణి జమీందారు సేసీసి, ఆడి పేరు మింగీసినారే! నాను నోరు మూసుకుంతే ఆ నోట్లో మన్నెయ్యాల!”

మర్నాడు పొద్దున్నే ఉలీ సుత్తీ పట్టుకెళ్లి పలక ఊడబెరికాడు, సిమెంటు రాలగొట్టాడు. రెండక్షరాలు చితికాయి గాని సూరి బయటపడ్డాడు. బాబు పోలీసును వెంటబెట్టుకొచ్చేదాకా ఆదాము అక్కడే కూర్చున్నాడు.

పోలీసు కాగితం తీసి బెంగాలీలో పేరడిగాడు.

“ఆదాము, మాలీ” అన్నాడు బెంగాలీలోనే. ఆ మీదట బాబు కళ్లలోకి చూశాడు. “మాలీ అన్నది నా పని బాబూ. ఇంటిపేరనుకునేరు!”